వైఫై డాంగిల్ పీకి క్రాష్ తెప్పించే ముందు ఇవి చూసుకోండి

లైనక్స్ మెషీన్‌లో యూఎస్‌బీ వైఫై డాంగిల్ పీకగానే సిస్టమ్ బిగుసుకుపోతుంటే చాలాసార్లు తప్పు డ్రైవర్‌దే. డాంగిల్ పోయాక వదిలేసిన మెమరీని డ్రైవర్‌లో మిగిలిపోయిన ఏ టైమరో ఇంకా తాకుతుంది. ఆ తప్పు దొరకాలంటే కావాలనే మళ్లీ క్రాష్ చేయించాలి కాబట్టి, దయచేసి తొందరపడకండి.

– బ్యాకప్ తీయండి. తెరిచిన ఫైళ్లన్నీ సేవ్ చేసి మూసేసి, టెర్మినల్‌లో సింక్ కమాండ్ (మెమరీలో ఉన్న డేటాను డిస్క్‌కి రాసేది) కొట్టండి.

– లాగ్ రీబూట్ తర్వాత కూడా మిగలాలి, చాలామంది ఇక్కడే దెబ్బతింటారు. సిస్టమ్‌డీ జర్నల్ (సిస్టమ్ లాగ్ దాచే చోటు) ర్యామ్‌లోనే ఉంటే రీబూట్‌తో మొత్తం పోతుంది, డిస్క్ మీదికి మార్చండి. మార్చినా చివరి లైన్లు, అంటే మనకు అసలు కావాల్సినవే, డిస్క్‌కి చేరకముందే కెర్నల్ (లైనక్స్ గుండెకాయ లాంటి భాగం) ఆగిపోవచ్చు. అందుకే కేడంప్ (క్రాష్ సమయంలో మెమరీని ఫైల్‌గా దాచే ఏర్పాటు) ముందే పెట్టి, ఒకసారి రీబూట్ చేసి, అది నిజంగా సిద్ధంగా ఉందో లేదో చూసుకోండి. లేదంటే నెట్‌కన్సోల్‌తో మెసేజీలు ఇంకో మెషీన్‌కి పంపండి, కానీ అది ఈథర్‌నెట్ కేబుల్ మీదే వెళ్లాలి, పీకబోయే వైఫై మీద కాదు.

– కెర్నల్ వెర్షన్, డాంగిల్ ఐడీ, డ్రైవర్ పేరు రాసిపెట్టుకోండి. ఆ డ్రైవర్ కెర్నల్‌తోనే వచ్చిందా, మీరు బయటి నుంచి తెచ్చి కంపైల్ చేశారా అన్నది తప్పకుండా రాయండి, బగ్ ఎవరికి చెప్పాలో దాన్నిబట్టే తేలుతుంది.

– హబ్ వద్దు, నేరుగా పోర్టులోనే పెట్టండి.

– ఒకసారి ఇంటర్‌ఫేస్ డౌన్ చేశాక (అంటే డాంగిల్ వైఫైని ఆపేశాక) పీకండి, ఇంకోసారి పెద్ద డౌన్‌లోడ్ నడుస్తుండగా పీకండి. రెండోసారే క్రాష్ అయితే వెతకాల్సిన చోటు బాగా తగ్గుతుంది.