వైజెడ్125 ట్రెయిల్‌లో గొంతు పట్టేస్తుంటే: నా అనుభవం

యమహా వైజెడ్125 (YZ125) టూ-స్ట్రోక్ మోటోక్రాస్ బండి, అంటే పెట్రోల్లోనే ఆయిల్ కలిపి పోయాలి. అడవి దారుల్లో నెమ్మదిగా నడిపితే ఇంజిన్‌లో పెట్రోలు పేరుకుని, థ్రాటిల్ తిప్పగానే అందుకోదు. ప్లగ్ నల్లగా తడిసి ఉంటుంది, సైలెన్సర్ చివర జిడ్డు కారుతుంది. చాలామంది వెంటనే పెట్రోల్లో కలిపే ఆయిల్ తగ్గిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ఆయిల్ తగ్గితే ఆ చోటు పెట్రోలే తీసుకుంటుంది, మిశ్రమం ఇంకా రిచ్ (గాలికి తగినదానికన్నా పెట్రోలు ఎక్కువ) అవుతుంది, పైగా బేరింగులు ఎండుతాయి. కంపెనీ చెప్పిన 30:1, అంటే లీటరు పెట్రోలుకు 33 మి.లీ. ఆయిల్, అలాగే ఉంచాను.

సరిచేయాల్సింది పైలట్ జెట్, అంటే తక్కువ థ్రాటిల్ దగ్గర పెట్రోలు అందించే కార్బురేటర్ రంధ్రం. ముందు ఎయిర్ ఫిల్టర్ కడిగి, రీడ్ రేకులు (ఇంజిన్ లోపలికి వెళ్లిన మిశ్రమం వెనక్కి రాకుండా ఆపే పల్చటి రేకులు) వెలుతురుకు పట్టి చూడాలి. అంచు విరిగినా, సందు కనిపించినా మార్చేయాలి. తర్వాత ఇంజిన్ బాగా వేడెక్కాక కార్బురేటర్ మీది ఎయిర్ స్క్రూ (ఐడిల్ దగ్గర గాలిని సరిచేసేది) తిప్పుతూ ఐడిల్ ఎక్కడ ఎక్కువగా పలుకుతుందో పట్టుకోవాలి. అది పూర్తిగా బిగించిన చోటి నుంచి రెండున్నర చుట్లు దాటితే పైలట్ ఒక సైజు చిన్నది వేయాలి, ఒక చుట్టు లోపే ఉంటే పెద్దది. నాకు చిన్నది పడింది. సగం థ్రాటిల్‌లో ఇంకా గరగరలాడితే కార్బురేటర్ సూది (నీడిల్) క్లిప్ ఒక గాడి పైకి పెట్టాలి. మెయిన్ జెట్ (పూర్తి థ్రాటిల్ దగ్గర పెట్రోలు అందించేది) జోలికి వెళ్లలేదు. అక్కడ మిశ్రమం లీన్ (పెట్రోలు తక్కువ) అయితే పిస్టన్ పట్టేస్తుంది.

వెనక స్ప్రాకెట్ 48 నుంచి 51 పళ్లకు మార్చాక క్లచ్ మీద భారం బాగా తగ్గింది. చైన్ చాలకపోతే కొత్తది కాస్త పొడవుది తీసుకోవాలి.