కాండో ఇన్సూరెన్స్ తీసుకునే ముందు మాస్టర్ పాలసీ అడిగి చూడండి

అమెరికాలో కాండో (అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో సొంత యూనిట్) కొన్న మనవాళ్లలో చాలామంది "నెలనెలా హెచ్‌ఓఏ (ఓనర్ల సంఘం) ఫీజు కడుతున్నాం, బిల్డింగ్‌కి వాళ్ల ఇన్సూరెన్స్ ఉంది, ఇంకేం కావాలి" అని ఊరుకుంటారు. ఉంది, నిజమే, దాన్నే మాస్టర్ పాలసీ అంటారు. కానీ అది మీ గోడ దగ్గర ఆగుతుందా, గోడ దాటి లోపలికి వస్తుందా అన్నది తేల్చుకోకుండా మీ సొంత పాలసీ, అంటే హెచ్‌ఓ-6, తీసుకుంటే కొలతలివ్వకుండా బట్టలు కుట్టించుకున్నట్టే.

అందుకే ఏజెంటు కంటే ముందు మేనేజ్‌మెంట్ ఆఫీసుకి మెయిల్ పెట్టి మాస్టర్ పాలసీ, కాండో డిక్లరేషన్ (ఏది ఓనరుది, ఏది సంఘానిది అని రాసి ఉండే పత్రం) కాపీలు తెప్పించుకోండి. మాస్టర్ పాలసీలు ముఖ్యంగా మూడు రకాలు. బేర్ వాల్స్ అయితే మీ యూనిట్ లోపలి ఫ్లోరింగ్, క్యాబినెట్లు, ఫిక్చర్లు అన్నీ మీ నెత్తినే. సింగిల్ ఎంటిటీ అయితే బిల్డర్ మొదట పెట్టినవాటి వరకు వాళ్లు చూసుకుంటారు, మీరు తర్వాత వేయించుకున్న ఖరీదైన కౌంటర్‌టాప్ మాత్రం మీదే. ఆల్-ఇన్ అయితే మీరు చేయించిన మార్పులు కూడా మామూలుగా అందులోకి వస్తాయి.

పైఅంతస్తులో వాషింగ్ మెషీన్ గొట్టం పగిలి మీ కిచెన్ సీలింగ్ నుంచి నీళ్లు కారాయనుకోండి. బేర్ వాల్స్ బిల్డింగ్‌లో ఉబ్బిపోయిన క్యాబినెట్లు బాగు చేయించడానికి మీ హెచ్‌ఓ-6లో డ్వెల్లింగ్ కవరేజ్ కావాలి, తడిసిన లాప్‌టాప్‌కి పర్సనల్ ప్రాపర్టీ కవరేజ్, కొన్నాళ్లు బయట ఉండాల్సివస్తే ఆ ఖర్చుకి లాస్ ఆఫ్ యూజ్. పైవాళ్లే కట్టాలి కదా అంటారేమో, వాళ్ల నిర్లక్ష్యం ఉందని తేలితేనే వాళ్ల లయబిలిటీ కవరేజ్ పనిచేస్తుంది, ఆ గొడవ తేలేదాకా మీ ఇంట్లో పని ఆగదు కదా. సామాన్లకి రీప్లేస్‌మెంట్ కాస్ట్, అంటే కొత్తది కొనడానికయ్యే ఖర్చు, అడగండి, లేదంటే అయిదేళ్ల సోఫాకి తరుగుదల తీసేసి చిల్లర చేతిలో పెడతారు.

అసలు టెన్షన్ పెట్టేది లాస్ అసెస్‌మెంట్, అంటే బిల్డింగ్‌కి వచ్చిన నష్టంలో హెచ్‌ఓఏ మీ మీద వేసే వాటా. మాస్టర్ పాలసీ డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కంపెనీ ఇచ్చేముందు హెచ్‌ఓఏ తనే పెట్టుకోవాల్సిన మొత్తం) 1,00,000 డాలర్లు, యూనిట్లు 50 అనుకుంటే, పెద్ద నష్టం వచ్చినప్పుడు తలా 2,000 కట్టమని నోటీసు రావచ్చు. హెచ్‌ఓ-6లో ఈ కవరేజ్ మామూలుగా 1,000 డాలర్లే ఉంటుంది. పెంచుకోవచ్చు, పెద్ద ఖర్చు కూడా కాదు. కాకపోతే ఒక మెలిక ఉంది: ఎంత పెంచుకున్నా, డిడక్టిబుల్ వల్ల పడే వాటాకి మాత్రం 1,000 మించి ఇవ్వమని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది, కాబట్టి ఆ లైను ఎక్కడుందో ఏజెంటునే చూపించమనండి.

వరద, భూకంపం ఇందులో రావు, వాటికి విడిగా తీసుకోవాలి. డ్రైనేజీ నీళ్లు వెనక్కి తన్నితే వాటర్ బ్యాకప్ ఎండార్స్‌మెంట్ (పాలసీకి అదనంగా కలుపుకునే కవరేజ్) ఉంటేనే డబ్బు వస్తుంది. అద్దెకిచ్చే ఆలోచన ఉంటే ముందే చెప్పండి, చెప్పకుండా ఇస్తే క్లెయిమ్ తిరగ్గొట్టడానికి కంపెనీకి అదొక్కటి చాలు. హెచ్‌ఓఏ వాళ్లు రెన్యువల్‌లో డిడక్టిబుల్ పెంచేస్తుంటారు, ఆ సంగతి మీటింగ్ మినిట్స్‌లో ఎక్కడో ఒక మూల ఉంటుంది, అందుకని మీ పాలసీ రెన్యువల్‌కి ముందు ప్రతి ఏడాదీ కొత్త మాస్టర్ పాలసీ కాపీ అడిగి తీసుకోండి.