కస్టడీలో కొట్టారా? విజయవాడ, గుంటూరువాళ్లు ఫిర్యాదు ఎవరికి, ఎలా ఇవ్వాలి

కస్టడీలో కొట్టిన కేసు నిలబడాలంటే రెండు ఆధారాలు కావాలి. ఒకటి, దెబ్బల గురించి డాక్టరు రాసిన కాగితం. రెండోది, మనిషిని ఎన్ని గంటలకు తీసుకెళ్లారో చూపే రుజువు. మొదటి నాలుగైదు రోజుల్లో పోగు చేసుకోకపోతే ఈ రెండూ మళ్లీ దొరకడం కష్టం. అందుకే ఫిర్యాదు ఎలా రాయాలో చెప్పేముందు, అంతకు ముందు చేయాల్సినవి చెబుతున్నాం.

తీసుకెళ్లిన గంటలోనే

ముందు 112కి ఫోన్ చేసి ఎవరిని, ఎక్కడి నుంచి, ఎన్నింటికి తీసుకెళ్లారో చెప్పండి. ఆ కాల్‌తో టైము రికార్డవుతుంది. వీధిలో ఏ దుకాణం కెమెరాలోనైనా ఆ బండి పడి ఉంటే ఆ రోజే కాపీ తీసుకోండి, చాలా దుకాణాల్లో కొద్ది రోజులకే పాత రికార్డింగు చెరిగిపోతుంది. తర్వాత స్టేషన్‌కి వెళ్లి అరెస్టు మెమో అడగండి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 36వ సెక్షన్ ప్రకారం ఆ మెమో మీద ఇంటివాళ్లో, ఆ వీధిలో పెద్దమనిషో సాక్షి సంతకం చేయాలి, అరెస్టయిన మనిషి సంతకమూ ఉండాలి. 47వ సెక్షన్ ప్రకారం ఎందుకు అరెస్టు చేశారో అతనికి చెప్పాలి, 48వ సెక్షన్ ప్రకారం ఇంటివాళ్లకు తెలపాలి. విచారణ జరుగుతుండగా వకీలును కలిసే హక్కు 38వ సెక్షన్ ఇస్తోంది, కాకపోతే విచారణ సాగినంతసేపూ వకీలు పక్కన కూర్చోవడం కుదరదు.

'మా దగ్గర లేడు' అంటే వెంటనే విజయవాడలో పోలీసు కమిషనర్‌కు, గుంటూరులో జిల్లా ఎస్పీకి ఈమెయిల్, స్పీడ్‌పోస్ట్ రెండూ పంపండి. వెనకటికి ఇలాంటప్పుడు టెలిగ్రామ్ కొట్టేవారు. 2013 జూలైలో ఆ సేవ ఆగిపోయాక ఆ పని చేసేది ఈ రసీదులే. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తీసుకురావాలి. అరెస్టు చూపించిన గంట నుంచి కాదు, మనిషి చేతిలోంచి స్వేచ్ఛ పోయిన గంట నుంచే మీరు లెక్కపెట్టండి. సోమవారం తీసుకెళ్లి బుధవారం అరెస్టు చూపించే చోట మీ 112 కాల్ పనికొస్తుంది. గడువు దాటితే నేలపాడులోని హైకోర్టులో హెబియస్ కార్పస్ రిట్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెప్పించమనే పిటిషన్, వేయాలి. అత్యవసరమైతే లంచ్ మోషన్ (అదే రోజు వినమనే విన్నపం), సెలవు రోజైతే హౌస్ మోషన్ (జడ్జి ఇంటి దగ్గరే వినమనే విన్నపం) అడగమని వకీలుకు చెప్పండి. అదే సంహిత 100వ సెక్షన్ కింద, అక్రమంగా నిర్బంధించిన మనిషి కోసం వెతికించమని ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌నూ కోరవచ్చు.

వకీలుకు డబ్బు లేదని ఆగిపోవద్దు. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయసేవల ప్రాధికార సంస్థల చట్టమే చెబుతోంది. ఫోన్ నంబరు 15100.

రిమాండ్ రోజు

మొత్తం వ్యవహారంలో ఇదే కీలకం, ఎక్కువమంది ఇక్కడే నష్టపోతారు. మేజిస్ట్రేట్ 'పోలీసులు కొట్టారా?' అని అడుగుతారు. అడగాలని, వైద్యపరీక్ష హక్కు ఉందని చెప్పాలని 1983లోనే సుప్రీంకోర్టు షీలా బర్సే కేసులో నిర్దేశించింది. వెనక నిలబడ్డ కానిస్టేబుల్‌ని చూసి, బయటికొచ్చాక మళ్లీ అతనితోనే బండెక్కాలని భయపడి, చాలామంది 'లేదండీ' అంటారు. ఆ మాట రిమాండ్ ఉత్తర్వులోకి ఎక్కుతుంది. పది రోజుల తర్వాత ఫిర్యాదు చేస్తే అవతలి వకీలు మొదట తీసేది ఆ కాగితమే.

కాబట్టి చెప్పండి. చొక్కా విప్పి చూపించండి, అరికాళ్లు చూపించండి. 'నా మాటలు రాయండి, వైద్యపరీక్షకు పంపండి' అని అడగండి. అదే రోజు వకీలు చేత ఈ సంగతులన్నీ రాసిన మెమో కోర్టులో వేయించండి. నోటిమాట ఉత్తర్వులోకి ఎక్కకపోయినా మెమో ఫైల్లో ఉంటుంది. ఆ రోజు భయంతో చెప్పలేకపోతే జైల్లో చేర్చుకునేటప్పుడు చేసే పరీక్షలో ప్రతి దెబ్బా రాయించుకోవాలి. తర్వాతి వాయిదాలో మేజిస్ట్రేట్‌కు చెప్పి, మొదటిసారి ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాలి.

డాక్టరు ముందు

అరెస్టయిన వెంటనే డాక్టరు పరీక్ష చేయాలని నాగరిక్ సురక్షా సంహిత 53వ సెక్షన్ చెబుతోంది. దెబ్బల గుర్తులతోపాటు అవి సుమారుగా ఎప్పుడు తగిలాయో డాక్టరు రాయాలి, నివేదిక కాపీ అరెస్టయిన వ్యక్తికో అతను చెప్పిన మనిషికో ఇవ్వాలి. మహిళను మహిళా డాక్టరే పరీక్షించాలి, లేదా ఆమె పర్యవేక్షణలో పరీక్ష జరగాలి. కస్టడీ సాగినంతకాలం ప్రతి 48 గంటలకూ పరీక్ష జరగాలని 1996 నాటి డీకే బసు తీర్పు.

ఆచరణలో బట్టలు విప్పించకుండానే 'బాహ్య గాయాలు లేవు' అని రాసేసే ప్రమాదం ఉంది. ఏ చోట నొప్పి ఉందో మీరే ఒక్కొక్కటిగా చెప్పండి: అరికాళ్లు, తొడల వెనక, వీపు, మణికట్టు, చెవి. అరికాళ్ల మీద కొట్టిన దెబ్బ ఒక్కోసారి తోలు మీద కనపడదు, వాపు, నడవలేకపోవడం మాత్రమే ఉంటాయి. నడిచి చూపించండి. కమిలిన గుర్తు ఒకటి రెండు రోజుల తర్వాత తేలుతుంది కాబట్టి మళ్లీ పరీక్ష అడగాలి. విడుదలయ్యాక గుంటూరు జీజీహెచ్ (ప్రభుత్వ సర్వజనాసుపత్రి)కో విజయవాడ ప్రభుత్వాసుపత్రికో వెళ్లి, మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు, కోర్టు రికార్డుకు పనికొచ్చే గాయాల కేసుగా, నమోదు చేయమని అడగండి. పగటి వెలుతురులో, పక్కన రూపాయి నాణెం పెట్టి, ఒక ఫొటోలో మొహం కూడా కనపడేలా, వరసగా నాలుగు రోజులు ఫొటోలు తీయండి.

స్థానిక నివేదిక మీద నమ్మకం లేకపోతే వేరేచోట పరీక్ష కోరవచ్చు. 2021 మేలో గుంటూరులో సీఐడీ కస్టడీలో కొట్టారని అప్పటి నరసాపురం ఎంపీ చెప్పినప్పుడు, సుప్రీంకోర్టు ఆయన్ను సికింద్రాబాద్ ఆర్మీ ఆసుపత్రికి పంపింది.

సీసీ కెమెరా రికార్డింగు

2020 డిసెంబరు 2న పరమ్‌వీర్ సింగ్ సైనీ తీర్పులో సుప్రీంకోర్టు ప్రతి స్టేషన్‌లో లాకప్, వరండా, ఎస్ఐ గది, వెనక భాగం వరకూ కెమెరాలు ఉండాలంది. రికార్డింగును 18 నెలలు, అది కుదరని పరికరమైతే కనీసం ఏడాది దాచాలంది. ఆ తేదీ, ఆ గంటల రికార్డింగు చెరపకుండా ఉంచాలని కమిషనర్‌కో ఎస్పీకో అదే వారంలో లేఖ పంపండి. 'కెమెరా పనిచేయడం లేదు' అని జవాబొస్తే అది కూడా రాతలో తీసుకోండి.

కమిషన్‌కు ఫిర్యాదు

జాతీయ మానవ హక్కుల కమిషన్‌కు రుసుము లేదు, వకీలు అక్కర్లేదు, తెలుగులోనే రాయవచ్చు. కమిషన్ వెబ్‌సైటు హెచ్‌ఆర్‌సీనెట్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా ఇవ్వొచ్చు. లేదా మానవ్ అధికార్ భవన్, సి బ్లాక్, జీపీఓ కాంప్లెక్స్, ఐఎన్‌ఏ, న్యూఢిల్లీ 110023కు పోస్టులో పంపవచ్చు. హెల్ప్‌లైన్ 14433. ఘటన జరిగిన ఏడాదిలోపు పంపాలి. పేరు లేని ఫిర్యాదును, కోర్టులో నడుస్తున్న అంశాన్ని మామూలుగా తీసుకోరు. రాష్ట్ర కమిషన్‌లో అదే ఫిర్యాదు పెండింగులో ఉంటే జాతీయ కమిషన్ విచారించదు, కాబట్టి రెండుచోట్లా వేయకండి.

విషయం ఇలా ఉండాలి: 'ఫలానా తేదీ సాయంత్రం 6.40కి మా ఇంటి నుంచి మఫ్టీలో ఇద్దరు, యూనిఫాంలో ఒకరు తెల్ల జీపులో తీసుకెళ్లారు. స్టేషన్ మేడమీది గదిలో ఉంచారు. రాత్రి 10 దాటాక అరికాళ్ల మీద లాఠీతో కొట్టారు. కొట్టినవారిలో ఒకరి భుజం మీద రెండు నక్షత్రాలున్నాయి.' పేరు తెలియకపోతే నక్షత్రాలే గుర్తు, ఎస్ఐకి రెండు, సీఐకి మూడు. 'చిత్రహింసలు పెట్టారు' అని ఒక్క మాటతో సరిపెట్టకండి. తగలని దెబ్బ ఒక్కటి కూడా కలపకండి, డాక్టరు కాగితంతో పొసగని ఒక్క వాక్యం మిగతా అన్నిటినీ అనుమానంలో పడేస్తుంది. 112కి చెప్పిన టైము, వకీలు కోర్టులో వేసిన మెమోలో టైము, ఇందులో టైము ఒకటే ఉండాలి.

కమిషన్ సిఫార్సు చేస్తుందే తప్ప శిక్ష వేయదు. శిక్ష కావాలంటే భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 120వ సెక్షన్ కింద కేసు పెట్టించాలి. నేరం ఒప్పించడానికి గాయపరిస్తే ఏడేళ్ల వరకు, తీవ్ర గాయమైతే పదేళ్ల వరకు జైలు. స్టేషన్‌లో తీసుకోకపోతే నాగరిక్ సురక్షా సంహిత 173(4) కింద ఎస్పీకి లేదా కమిషనర్‌కు, అక్కడా కదలకపోతే అఫిడవిట్‌తో మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లాలి. నిందితుడు ప్రభుత్వోద్యోగి కాబట్టి మేజిస్ట్రేట్ పైఅధికారి నివేదిక తెప్పించుకుంటారు, ఇందుకు సమయం పడుతుంది. పరిహారం కోసం హైకోర్టులో రిట్ వేయవచ్చు, 1993 నాటి నీలాబతి బెహరా తీర్పు ఆ దారి తెరిచింది.

కస్టడీలో మనిషి చనిపోతే నాగరిక్ సురక్షా సంహిత 196వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ విచారణ తప్పనిసరి, 24 గంటల్లో జాతీయ కమిషన్‌కు తెలియజేయాలి. పోస్టుమార్టం వీడియో తీయించమని దహనానికి ముందే రాతపూర్వకంగా అడగండి.

కమిషన్ ఇచ్చే డైరీ నంబరు, తర్వాత వచ్చే కేసు నంబరు జాగ్రత్త చేసుకోండి. పోలీసులు పంపిన నివేదిక మీద మీ అభిప్రాయం అడుగుతూ ఉత్తరం రావచ్చు. ఇల్లు మారితే కొత్త చిరునామా రాయండి. ఆ ఉత్తరానికి గడువులోగా జవాబు వెళ్లకపోతే, చెప్పుకోవడానికి ఏమీ లేదనుకుని ఫైలు మూసే అవకాశం ఉంది.