పాత ట్రాక్టర్ గొర్రుతో చెనిక్కాయ విత్తడం ఎలా?

జూన్‌లో నాలుగు చినుకులు పడితే చాలు, అనంతపురం వైపు ఊళ్లలో ఒకటే హడావిడి. ఏడాదంతా కంపచెట్టు కింద పడున్న గొర్రును లాక్కొచ్చి, ట్రాక్టర్‌కు తగిలించి, డబ్బా నిండా చెనిక్కాయ (వేరుశనగ) విత్తనం పోసి నేరుగా చేలోకి దిగిపోతారు. పది రోజులకు చూస్తే ఒక సాలులో గుంపులు గుంపులుగా మొలకలు, పక్క సాలు బోడి. అప్పుడు తిట్లన్నీ గొర్రుకే. పాతదైపోయింది, అమ్మేయాలి అంటారు. ఇనుము బాగుండి, ఇరుసు వంగకుండా ఉంటే ఆ గొర్రు ఇంకా బ్రహ్మాండంగా పనిచేస్తుంది. విత్తనం ఎంత పడుతుందో కొలవకుండా దిగితే మాత్రం నిన్న కొన్న కొత్త గొర్రు కూడా అలాగే చేస్తుంది.

నేను చెప్పేది ఎనిమిది సాళ్ల, వాలు ప్లేట్ల గొర్రు గురించి. అంటే డబ్బాలో ఏటవాలుగా తిరిగే ప్లేటు, తన గుంతల్లో ఒక్కో గింజను ఎత్తి పైపులో వేసేది. డబ్బా అడుగున పళ్ల రోలరు తిరిగే సీడ్ డ్రిల్ మీ దగ్గర ఉంటే జొన్నకో కొర్రకో ఉంచుకోండి. చెనిక్కాయకు వద్దు. రోలరుకూ దాని గూటికీ మధ్య పప్పు ఇరుక్కుని బద్దలవుతుంది. బాగా వస్తుందనే వాళ్లున్నారు, వాళ్ల చేలో మొలకలు లెక్కపెట్టి అప్పుడు మాట్లాడదాం.

ముందు చూసుకోవాల్సినవి

స్పానర్లు, గ్రీజు గన్ను, కొలత టేపు, గ్రాములు చూపించే చిన్న కాటా, ఎనిమిది ప్లాస్టిక్ సంచులు, సుద్దముక్క. అంతే.

డబ్బాలు తుడవండి. చైను కిరసనాయిల్లో కడిగి, ఆరాక కొంచెం ఆయిల్ పట్టించండి. బేరింగులకు గ్రీజు కొట్టండి. పైపులు వంచి చూడండి, పగుళ్లుంటే మార్చేయండి. పైపు ఎక్కడా మెలిక పడకుండా డబ్బా నుంచి కర్రు దాకా నేరుగా దిగాలి. కందిరీగలు మట్టి గూడు కట్టి ఉంటాయి, సన్నటి కమ్మీ పెట్టి పొడవండి. కర్రులు అరిగితే కొలిమికి తీసుకెళ్లి మొన వేయించుకోండి, అయితే ఒకటి మార్చి ఏడు వదిలేయొద్దు. లోతు ఎనిమిదింటికీ ఒకటే ఉండాలి. కర్రుకూ కర్రుకూ మధ్య 30 సెంటీమీటర్లు. పట్టీ బోల్టులు వదులై కర్రులు పక్కకు జరిగిపోతుంటాయి కాబట్టి పోయినేడు కొలిచాం కదా అనుకోకుండా మళ్లీ టేపు పెట్టండి.

బ్రష్షు విషయంలో నా పట్టింపు ఒకటే: ప్రతి ఏడాదీ కొత్తది. ప్లేటు మీద ఎక్కువైన గింజల్ని వెనక్కి తోసేది అదే. దాని వెంట్రుకలు గట్టిపడితే గింజను తోయదు, గీరుతుంది.

అసలు పని ఇక్కడే

కొంచెం ఓపిక పట్టండి, ఎందుకంటే అందరూ ఎగ్గొట్టేది దీన్నే.

జొన్న గింజను ఎలా తోసినా మొలుస్తుంది, చెనిక్కాయ పప్పు అలా కాదు. పైన ఉన్న ఎర్రపొర చిరిగితే చాలు, మొలవక ముందే నేలలో బూజు పట్టుకుంటుంది, లేదా మొలిచాక మొదలు కుళ్లుతో పడిపోతుంది. బద్ద విడిపోయిందంటే ఇక మొలకే లేదు. అందుకే గింజలు సరిగ్గా ఎన్ని పడుతున్నాయో, దెబ్బ తగలకుండా పడుతున్నాయో రెండూ చూడాలి. చాలామంది మొదటిది కూడా చూడరు, రెండోది వాళ్ల ఊహలోనే ఉండదు.

ప్లేటుతో మొదలుపెట్టండి. గుంతలో ఒక గింజ కొద్దిగా కదిలేంత ఖాళీతో పడుకోవాలి. బిగుతుగా ఉంటే నలుగుతుంది, వెడల్పుగా ఉంటే రెండేసి ఎక్కుతాయి. ఈ కొలత విత్తనాన్ని బట్టి మారుతుంది. కె-6 (కదిరి-6) రకానికి సరిపోయిన ప్లేటు వేరే రకానికీ సరిపోతుందని నమ్మకం లేదు, ఒక్కోసారి అదే రకంలో వేరే బస్తాకు కూడా. కాబట్టి విత్తనాన్ని జల్లెడ పట్టి ముడుచుకున్నవీ బద్దలూ ముందే ఏరేయండి. ప్లేటు అంచుకూ గూటికీ మధ్య సందు ఎక్కువైందా అని వేలితో కదిపి చూడండి. పాత గొర్రుల్లో పప్పు నలిగేది ఎక్కువగా ఆ సందులోనే. వాషరు వేస్తే సర్దుకోవచ్చు. అప్పటికీ ఊగుతుంటే ప్లేటు మార్చాల్సిందే.

ఇప్పుడు గొర్రును దిమ్మెల మీద ఎక్కించండి, నేల మీద దొర్లుతూ చైనుతో ప్లేట్లను తిప్పే నేల చక్రం గాల్లో తేలాలి. దయచేసి హైడ్రాలిక్ మీద వేలాడదీసి కింద చేతులు పెట్టకండి. లీవరుకు ఎవరి మోచెయ్యి తగిలినా, నూనె కారినా మొత్తం బరువు మీ మీదే పడుతుంది.

చక్రం చుట్టుకొలత టేపుతో కొలవండి. మీది 1.5 మీటర్లు వచ్చిందనుకుందాం. ఎనిమిది సాళ్లు 30 సెంటీమీటర్ల చొప్పున 2.4 మీటర్ల వెడల్పు. అంటే చక్రం ఒక చుట్టు తిరిగితే 3.6 చదరపు మీటర్లు, 20 చుట్లకు 72 చదరపు మీటర్లు. ఎకరా 4,047 చదరపు మీటర్లు కాబట్టి 20 చుట్లకు పడిన విత్తనాన్ని 56తో గుణిస్తే ఎకరాకు ఎంత పడుతుందో వచ్చేస్తుంది.

ఎంత పడాలి? సాలులో గింజకూ గింజకూ 10 సెంటీమీటర్లు కావాలంటే ఒక చుట్టుకు 15 గింజలు, 20 చుట్లకు పైపుకు 300. నూరు గింజలు తూకం వేయండి. 45 గ్రాములుంటే పైపుకు 135 గ్రాములు, ఎనిమిది పైపులకు 1,080 గ్రాములు, ఎకరాకు దాదాపు 60 కిలోలు. మీ గింజ చిన్నదైతే కిలోలు తగ్గుతాయి, మొక్కలు మాత్రం తగ్గవు. ఎకరాకు ఇన్ని కిలోలు అని బస్తా లెక్క పట్టుకుని కూర్చునేవాళ్లకు ఇది ఎంత చెప్పినా ఎక్కదు.

డబ్బాల్లో సగం దాకా విత్తనం పోసి, ఒక్కో పైపు కిందా ఒక్కో సంచి కట్టి, చక్రం మీద సుద్దతో గీత గీసి, ట్రాక్టర్ పోయే వేగంలోనే 20 చుట్లు తిప్పండి. గబగబా తిప్పితే గుంతలు నిండవు, లెక్క తప్పుతుంది. ఎనిమిది సంచులూ విడివిడిగా తూచండి. మొత్తం కలిపి తూచితే ఏం లాభం? ఒకటి 180, ఇంకొకటి 90 ఉన్నా సగటు 135 వస్తుంది, చేలో మాత్రం ఒక సాలు ఒత్తుగా, ఒక సాలు పలచగా ఉంటుంది. ఒక పైపు మాత్రమే తక్కువైతే ఆ ప్లేటో, ఆ బ్రష్షో, ఆ పైపో చూడండి. అన్నీ ఒకేలా తక్కువైతే చైను పళ్ల చక్రం మార్చండి. నేల చక్రం వైపు పళ్లు పెరిగితే గింజలు పెరుగుతాయి, ప్లేటు వైపు పళ్లు పెరిగితే తగ్గుతాయి.

ఆ తర్వాత ఒక సంచిలోని 300 గింజలూ చాప మీద పోసి, బద్దలైనవీ పొర చిరిగినవీ పక్కకు తీయండి. నూటికి మూడు దాటితే నేను చేలోకి దిగను. ఇంకొంచెం దట్టంగా వేస్తే సరిపోతుందిలే అంటారు, అది విత్తనం డబ్బులు మట్టిలో పోయడమే.

ఇదంతా విత్తనశుద్ధి చేశాకే చేయాలి. కిలోకు 3 గ్రాముల మాంకోజెబ్ (బూజు మందు) పట్టించిన పప్పు వట్టి పప్పులా జారదు, ప్లేటు మీద నడక మారిపోతుంది. మందు పట్టించి, నీడలో పూర్తిగా ఆరాకే డబ్బాలో పోయండి. తడి మీద పోస్తే అట్ట కట్టి కూర్చుంటుంది. చేతికి తొడుగులు వేసుకోవడం మరిచిపోకండి.

చేలోకి దిగాక

గొర్రు ముందుకూ వెనక్కూ వాలకుండా టాప్ లింక్‌తో (ట్రాక్టర్‌కు పైన కలిపే కడ్డీ) సమం చేయండి, పక్కలకు ఊగకుండా పట్టే చెక్ చైన్లు బిగించండి. లోతు 5 సెంటీమీటర్లు. మట్టి గుప్పిట్లోకి తీసుకుని పిసికితే ఉండ కట్టి, కింద వేస్తే విడిపోవాలి, అదీ పదును. కర్రుకు బంకలా అంటుతుంటే ఆ పూట ఆగండి.

మెత్తటి ఎర్ర నేలలో నేల చక్రం తిరగకుండా జారుతుంది. దిమ్మెల మీద 15 గింజలు వేసిన గొర్రు ఇక్కడ 13 మాత్రమే వేయొచ్చు. సుద్ద గీత చూస్తూ చక్రం పది చుట్లు తిరిగే దాకా నడిచి దూరం కొలవండి. 15 మీటర్లు రావాల్సింది 16న్నర వచ్చిందంటే విత్తనం దాదాపు పదో వంతు తగ్గినట్టే. చక్రాన్ని నేలకు నొక్కే స్ప్రింగ్ బిగించండి, ఆ చక్రం పళ్లకు అంటిన మట్టి గీకండి. అప్పటికీ జారితే నేల చక్రం వైపు చైను పళ్ల చక్రం ఒక మెట్టు పెంచండి.

వేగం గంటకు 3, 4 కిలోమీటర్లు. బాడుగ ట్రాక్టర్ అయితే ఎకరా లెక్కన మాట్లాడుకోకుండా గంట లెక్కన మాట్లాడుకోండి. ఎకరా లెక్క డ్రైవర్ సాయంత్రానికి ఇంకో చేను కూడా ముగించాలని చూస్తాడు. వెనకాల ఒక మనిషి నడిచి తీరాలి, పైపులు నిండినా మూసుకున్నా చూసేది ఆ మనిషే. అప్పుడప్పుడూ సాలు మట్టి తీసి గింజలు కనపడుతున్నాయో లేదో చూడమనండి. మలుపుల్లో గొర్రు ఎత్తకుండా వెనక్కు తోశారంటే కర్రులు మట్టితో మూసుకుపోతాయి, తర్వాతి సాళ్లన్నీ ఖాళీ.

ఎరువు ఎరువు డబ్బాలోనే పోయాలి. డీఏపీని విత్తనంలో కలిపేసి ఒకే పనిలో అయిపోయిందనుకునేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. ఎరువు గింజకు తగిలితే మొలక మాడిపోతుంది, ప్లేటు గుంతలు పూడిపోతాయి, రెండు సీజన్లలో డబ్బా చిల్లులు పడుతుంది.

మధ్యలో కంది సాలు వేసుకునేవాళ్లు ఆ ఒక్క డబ్బాకు చిన్న గుంతల ప్లేటు బిగించి, దాన్ని కూడా విడిగా తిప్పి చూసుకోవాలి.

పని అయిపోయాక

అదే రోజు సాయంత్రం డబ్బాలు ఖాళీ చేయండి, రేపు చేద్దాం అంటే అది వచ్చే జూనే. మిగిలిన మందు పట్టిన పప్పు ఇంట్లో తినే గింజల దగ్గర పెట్టకండి. కోళ్లకూ మేకలకూ అందనివ్వకండి. ఎరువు డబ్బా నీళ్లు పోసి కడిగి, ఎండలో ఆరబెట్టి, ఇనుముకు మాత్రం వాడిన ఇంజిన్ ఆయిల్ పూయండి. రబ్బరు పైపులకూ, బ్రష్షులకూ, ప్లేట్లకూ ఆయిల్ తగలకూడదు. పైపులు విప్పి గోనెసంచిలో వేసి ఎలుకలకు అందకుండా దూలానికి కట్టండి. ప్లేట్లు విప్పి, ఏది ఏ విత్తనానికో వెనకవైపు పెయింటుతో రాయండి, ఏ పళ్ల చక్రంతో సరిపోయిందో అది కూడా. చైను వదులు చేసి, గొర్రును పాకలో ఇటుకల మీద నిలపండి. ఎవరైనా అడిగితే గొర్రు ఇవ్వండి, ప్లేట్లు మాత్రం ఇవ్వకండి.