జ్ఞాపకం నుంచి కృతజ్ఞత – మూడో పాఠం: గంప దించే ముందు

పోయిన పాఠంలో ఒక నోట్‌బుక్ పెట్టుకుని, మీరు ఇప్పటిదాకా కాపురమున్న ఇళ్లన్నీ వరసగా రాయమన్నాను. ఈ రోజు దాంతోనే పని.

ముందు బైబిల్లో ద్వితీయోపదేశకాండం 26వ అధ్యాయం తీసి 5 నుంచి 10 వచనాలు గొంతెత్తి చదవండి. ఒక రైతు తొలి పంట గంపలో పెట్టుకుని యాజకుడి దగ్గరికి వచ్చాడు. మనమైతే "పంట ఇచ్చావు ప్రభువా, స్తోత్రం" అని ముగించేస్తాం. అతను మాత్రం దేశాలు పట్టి తిరిగిన అరాము దేశస్థుడైన తన పితరుడి దగ్గర మొదలుపెట్టి, కొద్దిమందితో ఐగుప్తుకు, అంటే ఈజిప్టుకు, వెళ్లడం, అక్కడ పడ్డ చాకిరీ, పెట్టిన మొర, దేవుడు విని బయటికి తేవడం, అన్నీ చెప్పాకే "ఇదిగో" అని గంప చూపిస్తాడు. బాధపెట్టినవాళ్లు బాధపెట్టారనే చెప్పాడు, దాన్ని తీపి చేయలేదు. పైగా ఐగుప్తు తన కళ్లతో చూడకపోయినా "మమ్మల్ని" అంటాడు! నాకు ఈ ఒక్క మాట దగ్గరే చాలాసేపు ఆగాలనిపిస్తుంది.

ఇప్పుడు మీ జాబితాలో ఒక ఇల్లు ఎంచుకోండి. నాది విశాఖపట్నం మద్దిలపాలెంలో రేకుల ఇల్లు. 2014 అక్టోబర్ 12, ఆదివారం, హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు రేకులు లేచిపోయాయి, మంచం కింద పిల్లల్ని పెట్టుకుని కూర్చున్నాం. తర్వాత కరెంటు లేదు, నీళ్లు లేవు. పక్కింటి మామ్మగారు తన డ్రమ్ములోంచి రోజూ రెండు బిందెలు మాకు పోసేవారు. చాలా ఏళ్లు నేను "తుఫానులో కాపాడావు తండ్రీ" అనే ప్రార్థించాను, ఆ బిందెలు ఎప్పుడూ నోటికి రాలేదు. ఈ పద్ధతిలో రాయడం మొదలుపెట్టాకే గుర్తొచ్చాయి, ఆ రాత్రి ప్రార్థన మధ్యలో ఏడ్చేశాను.

మీరూ అలాగే రాయండి. అప్పుడు ఏం లేదో, ఎవరి చేత ఏం అందిందో, ఇప్పుడు మీ గంపలో ఏముందో, అదే వరసలో. "అన్నిటికీ వందనాలు" అనే మాట ఈ వారం వాడకండి. తలచుకుంటే ఊపిరాడని ఇల్లు ఏదైనా ఉంటే, దాన్ని ఇప్పుడు వదిలేయండి, నమ్మకమైన మనిషి పక్కన ఉన్నప్పుడు చూద్దాం. జరిగిన చెడుకు స్తోత్రం చెప్పమని ఎవరూ అడగడం లేదు.

వచ్చే పాఠానికి, ఇంట్లో పెద్దవాళ్లను ఒకరిని కూర్చోబెట్టి మీరు పుట్టకముందు వాళ్లు ఏ ఇంట్లో ఉన్నారో అడిగి రాసుకు రండి. "నేను" అని కాదు, "మేము" అని రాయాలి.