పాత జీపు కొనాలా వద్దా? అనంతపురంలో ఆర్‌సీ రెన్యూవల్, పేరు మార్పు దరఖాస్తు విధానం

మహీంద్రా ఎంఎం 540, మారుతి జిప్సీ, లేదంటే ఇంకా పాత విల్లీస్ జీపు మీద మనసు పడ్డవాళ్లు నన్ను మొదట అడిగేది ఇంజన్ బాగుందో లేదో ఎట్లా చూడాలి అని. నేను మాత్రం ముందు ఆర్‌సీ (బండి రిజిస్ట్రేషన్ పుస్తకం) ఫోటో పంపండి అంటాను. ఇంజన్ పోతే దింపి బాగుచేసే మేస్త్రీలు మన జిల్లాలో ఇప్పటికీ ఉన్నారు, జీపు సామాన్లు కూడా వెతికితే దొరుకుతాయి. కాగితాల్లో లోపం ఉంటే మాత్రం బండి మీ పేరు మీదికి రాదు. అట్లాంటి బండికి మీరు ఎన్ని లక్షలు పోసి రంగులేయించి టైర్లు మార్పించినా అది వేరేవాళ్ల బండే.

నాకు ఇది డబ్బు పోగొట్టుకున్నాకే తెలిసింది. కళ్యాణదుర్గం వైపు ఒక పల్లెలో శెనక్కాయ చేను గట్టు మీద వేపచెట్టు కింద నిలబెట్టిన జీపు చూసి, స్టార్ట్ చేయగానే పలికిందని అప్పటికప్పుడే 20 వేలు అడ్వాన్స్ ఇచ్చేసినా. తీరా చూస్తే ఆర్‌సీ ఉన్నది అమ్మే ఆయన పేరు మీద కాదు, చనిపోయిన వాళ్ల నాయన పేరు మీద. అన్నదమ్ములు ముగ్గురిలో ఒకాయన సంతకం పెట్టనన్నాడు. ఎనిమిది నెలలు తిరిగినా జీపు రాలేదు, అడ్వాన్స్‌లో సగమే తిరిగొచ్చింది. తర్వాత రెండేళ్లకు వేరే ఎంఎం 540 కొన్నప్పుడు అంతా తిరగేసి చేసినా: ముందు కాగితాలు, తర్వాత చాసిస్ (బండి అడుగు ఫ్రేమ్), ఆ తర్వాతే ఇంజన్.

డబ్బు ఇవ్వకముందు చూడాల్సింది

ప్రభుత్వ వాహన రికార్డులుండే పరివాహన్ పోర్టల్‌లో గానీ ఎంపరివాహన్ యాప్‌లో గానీ బండి నంబర్ కొట్టండి. మొదట రిజిస్టరైన తేదీ, ఆర్‌సీ గడువు, ఇన్సూరెన్స్, ఇంధనం, ఫైనాన్స్ ఉందా లేదా అన్నీ కనిపిస్తాయి. యజమాని పేరు పూర్తిగా చూపించదు, కొన్ని అక్షరాలే కనిపిస్తాయి, అయినా పుస్తకంలో ఉన్న పేరుతో పోల్చుకోవడానికి అది చాలు. ఏపీ 02 అంటే అనంతపురం, 04 కడప, 21 కర్నూలు. 2019లో రాష్ట్రం మొత్తానికి ఏపీ 39 వచ్చింది కాబట్టి మనం కొనే పాత జీపులన్నీ ఈ పాత నంబర్లలోనో, 1989కి ముందు ఇచ్చిన మూడు అక్షరాల నంబర్లలోనో ఉంటాయి.

మూడు అక్షరాల నంబర్ కొడితే చాలాసార్లు రికార్డు లేదని వస్తుంది. అంతమాత్రాన బండి దొంగదని కాదు, చేతితో రాసిన రిజిస్టర్ నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కలేదని అర్థం. దాన్ని ఎక్కించడాన్ని ఆర్టీఓ ఆఫీసులో బ్యాక్‌లాగ్ ఎంట్రీ అంటారు. ఒరిజినల్ ఆర్‌సీ పుస్తకంతో యజమాని దరఖాస్తు చేసుకుంటే వాళ్లు పాత రిజిస్టర్ తీసి సరిచూసి ఎక్కిస్తారు. ఇది అమ్మే ఆయన చేయించాల్సిన పని, ఈ మాట బేరం దగ్గరే తేల్చుకోండి. ఒరిజినల్ పుస్తకం పోయింది, జిరాక్స్ ఉంది, రిజిస్టర్‌లోనూ దొరకలేదు అంటే ఆ బండి వదిలేయండి. ఎంత ముద్దొచ్చినా సరే.

పుస్తకం చేతికి వచ్చాక ఇంధనం అని ఉన్న చోట వేలు పెట్టి చదవండి. పాత విల్లీస్ జీపులు చాలావరకు పెట్రోల్‌వి, పెట్రోల్ ఖర్చు భరించలేక ఆ రోజుల్లోనే డీజిల్ ఇంజన్ ఎక్కించుకున్నవాళ్లు ఎందరో. కొందరు ఆ మార్పును ఆర్‌సీలో రాయించుకున్నారు, ఎక్కువమంది రాయించుకోలేదు. ఎంఎం 540కి కంపెనీ ఇచ్చింది 2112 సీసీ ప్యూజో డీజిల్ ఇంజన్; ఇప్పుడు బానెట్ ఎత్తితే అందులో వేరే ఇంజన్ ఉండొచ్చు. జిప్సీలో మొదటివి 970 సీసీ, 1996 తర్వాత వచ్చినవి 1298 సీసీ, రెండూ పెట్రోల్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. పుస్తకంలో ఒక ఇంజన్ నంబర్, బండిలో ఇంకో నంబర్ ఉంటే ఇన్‌స్పెక్షన్‌లో ఆగిపోయేది మీరే, అమ్మినాయన కాదు.

చాసిస్ నంబర్‌ను కళ్లతో చదివి ఊరుకోవద్దు. బానెట్ కింద రేకు మీద ఉన్న నంబర్ కాదు, ఫ్రేమ్ మీద కొట్టిన నంబర్ చూడాలి. మట్టి, గ్రీజు అట్టలు కట్టి ఉంటాయి కాబట్టి స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా గీకి, డీజిల్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరాక పలుచని తెల్లకాగితం అదిమిపట్టి పెన్సిల్‌ను పక్కకు వంచి రుద్దండి. నల్లటి గీతల మధ్య అంకెలు తెల్లగా తేలతాయి. ఈ పెన్సిల్ ప్రింట్ ఎట్లాగూ దరఖాస్తుకు కావాలి, అదేదో కొనకముందే తీసుకుంటే మేలు. నా జీపుకు ఇట్లా రుద్దినప్పుడే తెలిసింది, ఫ్రేమ్ మీద 1 ఉన్న చోట పుస్తకంలో ఎవరో గుమాస్తా చేతిరాతలో 7 పడిందని. అమ్మే పెద్దాయనే నాతో ఆఫీసుకు వచ్చి, బండి చూపించి, దిద్దించి ఇచ్చాడు. అందుకు మూడు వారాలు పట్టింది. కొన్న తర్వాత బయటపడి ఉంటే ఎన్ని నెలలయ్యేదో.

గడువు దాటిన ఆర్‌సీ ఖర్చు

సొంత బండికి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు. ఆ తర్వాత ఫారం 25తో ఐదేళ్లకొకసారి రెన్యూవల్ చేయించుకోవాలి. 2022 ఏప్రిల్ నుంచి కారు, జీపులకు ఈ ఫీజు 5,000; 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన వాటికి దాన్ని 10,000 చేసింది. మనం మాట్లాడుకునే బండ్లలో దాదాపు అన్నీ 20 దాటినవే. గడువు దాటాక ఆలస్యానికి నెలకు 500 అదనం. అంటే నాలుగేళ్లుగా షెడ్‌లో పడున్న జీపుకు 48 నెలలకు 24,000, రెన్యూవల్ 10,000, కలిపి 34,000. దీనికి పైన గ్రీన్ టాక్స్, పాత చలాన్లు, రాష్ట్రం సర్వీస్ చార్జీ. ధర మాట్లాడేటప్పుడు ఈ లెక్క కాగితం మీద వేసి ముందు పెట్టండి. రెండు లక్షలు చెప్పినాయన ఈ లెక్క చూశాక తగ్గకపోతే కాగితాలు ఆయన్నే పూర్తి చేసి ఇవ్వమనండి.

గడువు దాటి ఉంటే సాధారణంగా ముందు అమ్మే ఆయన పేరు మీదే రెన్యూవల్ అవ్వాలి, తర్వాతే పేరు మార్పు. ఈ రెండు పనులకు మధ్య ఆయన మనసు మార్చుకునే ప్రమాదం ఉంది కాబట్టి డబ్బు మొత్తం ఒకేసారి ఇవ్వొద్దు. స్టాంప్ పేపర్ మీద అగ్రిమెంట్ రాసుకుని కొంత ఇప్పుడు, మిగతాది ఆర్‌సీలో పేరు మారినాక అని ఒప్పుకునేలా మాట్లాడుకోండి.

మన దగ్గర చాలామంది అడిగే ఇంకో సంగతి: పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు నిషేధం కదా అని. ఆ ఆంక్షలు ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానివి, మన రాయలసీమకు కాదు. ఇక్కడ ఫిట్‌నెస్ ఉంటే, రెన్యూవల్ అయితే నడుపుకోవచ్చు.

పేరు మార్పు దరఖాస్తు

కావాల్సింది ఫారం 29 రెండు ప్రతులు, ఫారం 30. 29 అమ్మే ఆయన ఇచ్చే సమాచారం, 30లో ఇద్దరి సంతకాలు. వీటితో ఒరిజినల్ ఆర్‌సీ, నడుస్తున్న ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, ఇద్దరి ఆధార్, పాన్, చిరునామా రుజువు, పెన్సిల్ ప్రింట్. పోర్టల్‌లో దరఖాస్తు నింపి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకుని ఆఫీసుకు వెళ్లాలి. నడుమ ఓటీపీ వస్తుంది. అది రికార్డులో ఉన్న ఫోన్ నంబర్‌కు వస్తుంది, పాత జీపు రికార్డులో అసలు ఫోన్ నంబరే ఉండదు, ఉన్నా పదేళ్ల కిందట పారేసిన సిమ్‌ది. అందుకని అమ్మే ఆయనతో ముందు మొబైల్ నంబర్ అప్‌డేట్ చేయించండి, ఆన్‌లైన్‌లో కాకపోతే ఆయన్ని ఆఫీసుకు తీసుకుపోయి చేయించండి.

ఒకే రాష్ట్రంలో అయితే అమ్మినాయన 14 రోజుల్లో తెలియజేయాలి, కొన్నవాళ్లు 30 రోజుల్లో దరఖాస్తు చేయాలి. కేంద్రం నిర్ణయించిన పేరు మార్పు ఫీజు జీపుకు 300 మాత్రమే, పైన సర్వీస్ చార్జీ. ఇంత తక్కువ ఫీజు కట్టకుండా ఏళ్ల తరబడి వేరేవాళ్ల పేరు మీద తిప్పుతున్నవాళ్లను చూస్తే బాధేస్తుంది. ప్రమాదం జరిగితే పరిహారం కేసులో ఆర్‌సీలో ఎవరి పేరుంటే వాళ్లే యజమాని అని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మే పెద్దాయనకు ఈ సంగతి వివరించండి, సంతకం పెట్టడానికి ఆయనే తొందరపడతాడు.

ఆర్‌సీలో బ్యాంక్ పేరు ఉంటే ఫారం 35, బ్యాంక్ ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కావాలి. అప్పు ఎప్పుడో తీరిపోయి ఉంటుంది, పేరు మాత్రం తీయించి ఉండరు. ఆంధ్రా బ్యాంక్ అని ఉంటే ఇప్పుడు యూనియన్ బ్యాంక్‌కు, సిండికేట్ బ్యాంక్ అని ఉంటే కెనరా బ్యాంక్‌కు వెళ్లాలి, రెండూ 2020 ఏప్రిల్ 1న కలిసిపోయాయి. యజమాని చనిపోయి ఉంటే ఫారం 31, మరణ ధ్రువీకరణ పత్రం, ఎమ్మార్వో ఆఫీసు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, మిగతా వారసుల నుంచి అభ్యంతరం లేదని కాగితం. ముందు వారసుడి పేరు మీదికి రావాలి, ఆ తర్వాతే మీకు. ఇంట్లో అందరూ సంతకానికి సిద్ధమని మీ చెవులతో విన్నాకే అడ్వాన్స్ మాట.

బళ్లారి, బెంగళూరు బండ్లు

మనకు బళ్లారి దగ్గర, బెంగళూరులో జిప్సీలు ఎక్కువ కాబట్టి చాలామంది అక్కడే వెతుకుతారు. పక్క రాష్ట్రం బండి అయితే ఫారం 28 మీద అక్కడి ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ తెప్పించుకోవాలి, ఆ ఎన్‌ఓసీలో మన ఆఫీసు పేరే ఉండాలి. బండి పేరు మీద దొంగతనం కేసు లేదని పోలీసు రికార్డుల తనిఖీ కూడా జరుగుతుంది. ఇక్కడ ఫారం 27తో కొత్త నంబర్, బండి వయసును బట్టి మన రాష్ట్రం లైఫ్ టాక్స్. వేరే రాష్ట్రం నంబర్‌తో ఇక్కడ 12 నెలల కంటే ఎక్కువ ఉంచుకోకూడదు. ఎన్‌ఓసీ తర్వాత పంపిస్తా, ముందు బండి తీసుకుపో అనే బ్రోకర్ మాట వినొద్దు.

మిలిటరీ వేలంలో వచ్చిన జీపులకు దారి వేరు. పౌర రిజిస్ట్రేషన్ ఇంకా కాకపోతే ఫారం 20తో పాటు సంబంధిత మిలిటరీ అధికారులు ఇచ్చిన ఒరిజినల్ ఫారం 21 అమ్మకపు సర్టిఫికెట్ ఉండాలి. అది లేకుండా వేలంలో కొన్నాం అని నోటిమాటగా చెప్పే బండి జోలికి పోవద్దు.

మొదట రిజిస్టరై 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చని జీపు దొరికితే 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం వింటేజ్‌గా నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నమోదుకు 20,000, చెల్లుబాటు 10 ఏళ్లు. కానీ ఆ బండి రోజూ తోటకు పోవడానికి కాదు. ప్రదర్శనలు, ర్యాలీలు, పెట్రోల్, రిపేర్ లాంటి పనులకే రోడ్డెక్కాలి. గండికోట దాకా సరదాగా పోయి రావాలన్నా, చేనుకు మందు బస్తాలు తోలాలన్నా మామూలు రెన్యూవల్ దారే మీది.

ఇన్‌స్పెక్షన్ రోజు

స్లాట్ స్లిప్‌లో ఏ చోటు రాసి ఉంటే అక్కడికి బండి తీసుకుపోవాలి. మనవాళ్లు ఇప్పటికీ బ్రేకు ఇన్‌స్పెక్టర్ అనే పిలిచే ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) సారు చూసేది షో కాదు. రెండు హెడ్‌లైట్లు, ఇండికేటర్లు, హారన్, వైపర్, టైర్లు, స్టీరింగ్‌లో ఆట, బ్రేకు. పాత జీపుల్లో నాలుగు చక్రాలూ సమానంగా పట్టకుండా ఒక పక్కకు లాగడం చాలా మామూలు, కాబట్టి ముందు రోజే వీల్ సిలిండర్లు చూపించుకోండి. అదనంగా బిగించిన బంపర్లు, లైట్ల వరసలు తీసేసి పోండి. ఫోర్ వీల్ లివర్ పడుతుందో లేదో ఆయన అడగరు, అది కొనే రోజే మెత్తటి ఇసుకలో మీరు చూసుకోవాలి.

పేరు మారాక 14 రోజుల్లోపు ఇన్సూరెన్స్‌లో కూడా మార్పించండి, ఇది మరిచిపోయేవాళ్లే ఎక్కువ. ఇంకో మాట, పాత పుస్తకాన్ని కౌంటర్‌లో ఇచ్చేముందు ప్రతి పేజీ ఫోటో తీసి పెట్టుకోండి. ఇంతకుముందు ఎవరెవరి చేతిలో ఉందో, ఏ సంవత్సరం ఏ ఇంజన్ నంబర్ రాశారో అంతా అందులోనే ఉంటుంది. ఐదేళ్ల తర్వాత మళ్లీ రెన్యూవల్‌కు వెళ్లినప్పుడు ఏదైనా అంకె తేడా అంటే చూపించడానికి మీ దగ్గర మిగిలేది ఆ ఫోటోలే.