బీరు బాగోలేదంటున్నారా? సీసాకీ నోటికీ మధ్య ఏం జరిగిందో చూడండి

ఇష్టపడి ఏరి తెచ్చిన నాలుగు రకాల క్రాఫ్ట్ బీర్లు (చిన్న తయారీదారులు చేసేవి) అయినవాళ్లకు పోస్తే, మొదటి గుక్కకే "ఏముంది ఇందులో, చేదు తప్ప" అంటారు. ఆ మాట నిజంగా నొప్పిస్తుంది. ఏళ్లుగా ఇంట్లోవాళ్లతో, స్నేహితులతో బీర్లు పంచుకుంటూ నేను తెలుసుకున్నదేమిటంటే, అలాంటి సాయంత్రాల్లో లోపం చాలావరకు బీరులో ఉండదు, తాగినవాళ్ల నాలుకలోనూ ఉండదు. సీసా ఇంటికొచ్చిన దగ్గర్నుంచి గ్లాసు పెదవికి తగిలేదాకా మన చేతుల్లో జరిగినదాంట్లో ఉంటుంది. కాబట్టి చాలా సమస్యలు మనమే సరిచేసుకోగలం.

నురగ నిలవడం లేదు

పోసిన అర నిమిషానికే నురగ మాయమవుతుంది. లేదా గ్లాసు లోపలి గోడకు బుడగలు అతుక్కుని కదలకుండా ఉంటాయి. రెండింటికీ మొదట అనుమానించాల్సింది గ్లాసునే. కంటికి తళతళలాడుతున్నా దానిలో జిడ్డో సబ్బో మిగిలి ఉంటుంది. నురగను పట్టి ఉంచేవి మాల్ట్‌లోని (అంటే మొలకెత్తించి ఎండబెట్టిన గింజల్లోని) ప్రొటీన్లు, హాప్స్ అనే పూలలోని చేదు పదార్థాలు. పాల మీగడ, నూనె, లిప్‌స్టిక్ కాస్త తగిలినా ఆ పొర తెగిపోతుంది. నురగతోపాటు సువాసనలో పెద్ద భాగం పోతుంది కాబట్టి దీన్ని చిన్న విషయంగా చూడకండి.

బీరు గ్లాసులకు విడిగా ఒక స్పాంజి పెట్టుకోండి. వేడినీళ్లలో వాసనలేని సబ్బు కొద్దిగా వేసి కడిగి, మంచినీళ్లతో రెండుమూడుసార్లు తొలిచి, బట్టతో తుడవకుండా గాలి ఆడేలా బోర్లించండి. అనుమానముంటే తడి గ్లాసు లోపల ఉప్పు చల్లండి. అంతటా సమంగా అంటుకుంటే శుభ్రంగా ఉన్నట్టే. ఖాళీలు కనిపిస్తే జిడ్డు అక్కడే ఉంది. చూశాక ఉప్పు పోయేలా మళ్లీ తొలవండి. కావాలనే పుల్లగా చేసే సోర్ బీర్లకు, బాగా ఘాటైన, అంటే ఆల్కహాల్ ఎక్కువున్న బీర్లకు మాత్రం నురగ సహజంగానే తక్కువ. వాటి విషయంలో గ్లాసును నిందించకండి.

మూత తీయగానే పొంగిపోయింది

ప్రయాణంలో కుదుపులకు గురైన సీసాను, లేదా వెచ్చగా ఉన్న సీసాను తెరిస్తే ఇంతే. ఒక రాత్రంతా ఫ్రిజ్‌లో నిటారుగా నిలబెట్టండి. గ్లాసును 45 డిగ్రీలు వంచి గోడ వెంబడి పోస్తూ, సగం దాటాక నిటారుగా చేయండి. బాగా చల్లబడి, కదలకుండా ఉన్న సీసా కూడా పొంగుతూ, ఉండకూడని పులుపు వాసన కూడా వస్తుంటే లోపల సూక్ష్మజీవులు చేరి మళ్లీ పులియబెట్టాయన్నమాట. ఆ బీరును పారబోయండి. ఉబ్బిన క్యాన్‌ను అతిథుల మధ్య అసలు తెరవకండి.

ఏ రుచీ తెలియడం లేదు

ఇది చలి చేసే పని. ఫ్రిజ్ లోపల ఉండే 4 డిగ్రీల దగ్గర నాలుక మొద్దుబారుతుంది, సువాసనలు పైకి లేవవు. చల్లగా పులియబెట్టి చేసే తేలికపాటి లాగర్‌కి 4 నుంచి 7 డిగ్రీలు బాగుంటాయి. హాప్స్ పరిమళం తెలిసే పేల్ ఏల్‌కి, హాప్స్ ఇంకా ఎక్కువుండే ఐపీఏకి (ఇండియా పేల్ ఏల్) 7 నుంచి 10. మాడ్చిన గింజలతో చేసే నల్లటి, ఘాటైన స్టౌట్‌కి 10 నుంచి 13. థర్మామీటర్ అక్కర్లేదు. స్టౌట్‌ను తాగడానికి అరగంట ముందు బయటపెడితే చాలు. ఫ్రీజర్‌లో పెట్టి మంచు పట్టించిన గ్లాసులు చూడ్డానికి అందంగా ఉంటాయి కానీ రుచి చూసేటప్పుడు వాడకండి. ఆ మంచు కరిగి బీరును పలచన చేస్తుంది.

దీనికి వ్యతిరేక సమస్య, అంటే అతిథులు వచ్చేశారు, బీరు ఇంకా వెచ్చగా ఉంది. అప్పుడు బకెట్లో ఐసు, నీళ్లు, గుప్పెడు ఉప్పు వేసి సీసాలు ముంచండి. పావుగంట, ఇరవై నిమిషాల్లో చల్లబడతాయి. ఫ్రీజర్‌లో పెట్టి మరిచిపోతే సీసా పగులుతుంది.

ముక్కు ముడుచుకునే వాసన

ఒకసారి ఎండ పడే చోట టేబుల్ వేసి, ఆకుపచ్చ సీసాలు వరసగా పెట్టి, అందరూ వచ్చేదాకా ఆగాను. అంతవరకూ బీరు ముట్టని మా పిన్ని గ్లాసు వాసన చూసి, "ఇది పాడైందిరా" అంది. నాకు కోపం వచ్చింది, కానీ ఆవిడ చెప్పిందే నిజం. హాప్స్‌లోని చేదు పదార్థాల మీద వెలుతురు పడితే అవి విరిగి గంధకం ఉన్న ఒక సమ్మేళనంగా మారతాయి. అమెరికాలో ఉండే స్కంక్ అనే జంతువు వదిలే కంపును పోలిన వాసన అది. ఎండలో దీనికి కొన్ని నిమిషాలు చాలు. ఆకుపచ్చ గాజు, రంగులేని గాజు దీన్ని పెద్దగా ఆపవు. గోధుమరంగు గాజు బాగా ఆపుతుంది, క్యాన్ పూర్తిగా ఆపుతుంది.

వాసన వచ్చాక బాగుచేసే దారి లేదు. ముందే చీకటిలో ఉంచుకోవాలి. గ్లాసులో పోసిన బీరుకి ఏ రక్షణా ఉండదు కాబట్టి నీడలో కూర్చోండి. ఆ రోజు తర్వాత నేను కొత్తవాళ్ల ముక్కునే ముందు నమ్ముతున్నాను. అలవాటుపడినవాళ్లం మనం వదిలేసే తేడాలు వాళ్లు పట్టేస్తారు.

తడిసిన అట్టముక్కలా ఉంది

బీరు పాతబడింది. ఆక్సిజన్, వేడి కలిసి హాప్స్ పరిమళాన్ని తినేసి ఈ అట్ట రుచిని తెస్తాయి. తయారీదారులు చెప్పుకునే ఒక ఉజ్జాయింపు లెక్క ఉంది: 32 డిగ్రీల్లో 3 రోజులు, 22 డిగ్రీల్లో 30 రోజులు, 3 డిగ్రీల్లో 300 రోజులు బీరుకి దాదాపు ఒకే వయసు తెస్తాయి. అందుకే కారు డిక్కీలో రెండు మధ్యాహ్నాలు గడిపిన ఐపీఏ మీద ఆశ పెట్టుకోకండి. కొనేటప్పుడు తయారీ తేదీ చూడండి. ఐపీఏని మూడు నెలల లోపు తాగేయడం మంచిది. ఇంపీరియల్ స్టౌట్, బార్లీవైన్ లాంటి బాగా ఘాటైన బీర్లు మాత్రం చల్లని చీకటిలో ఏళ్లు నిలిచి ఇంకా మెత్తబడతాయి.

"చేదు తప్ప ఏమీ లేదు"

అన్నిటికంటే ఎక్కువగా వినే ఫిర్యాదు ఇదే. పోసిన వరస తప్పడం వల్ల ఎక్కువగా వస్తుంది. చేదు నాలుక మీద పేరుకుంటుంది. ఐపీఏతో మొదలుపెడితే దాని తర్వాత వచ్చే సున్నితమైన బీరు నీళ్లలా అనిపిస్తుంది. లేతరంగు నుంచి నలుపుకి వెళ్లాలని చాలామంది అనుకుంటారు గానీ రంగు మోసం చేస్తుంది. నల్లగా కనిపించే గిన్నిస్ డ్రాఫ్ట్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. బంగారు రంగులో మెరిసే బెల్జియం డూవెల్‌లో 8.5 శాతం. చేదు, ఘాటు, తీపి ఎంత ఉన్నాయో చూసి వరస కట్టండి.

నా వరస ఇది. ముందు జర్మనీలోని బవేరియా తరహా వీట్ బీర్, అంటే గోధుమ బీరు. దానిలో పండూ మసాలా వేయకపోయినా ఈస్ట్ వల్లే అరటిపండు, లవంగం వాసనలు వస్తాయి. ఆ సంగతి చెబితే అందరి ముఖాల్లో ఆసక్తి కనిపిస్తుంది. తర్వాత పిల్స్‌నర్ అనే లేతరంగు లాగర్, పేల్ ఏల్. ఆ తర్వాత ఐపీఏ. చివర్లో స్టౌట్. మధ్యలో మంచినీళ్లు, ఉప్పులేని బ్రెడ్డు ముక్క.

చేదంటే గిట్టనివాళ్లు హాప్స్‌నే వదులుకోనక్కర్లేదు. హాప్స్‌ను ఎక్కువసేపు మరిగిస్తే చేదు దిగుతుంది. మరుగు చివర్లోనో, చల్లబడ్డాకనో వేస్తే పరిమళం దిగుతుంది. మబ్బుగా కనిపించే హేజీ ఐపీఏల్లో చాలా హాప్స్ ఇలా ఆలస్యంగా వేసినవే. మామిడి, నారింజ గుర్తొచ్చే వాసన ఉంటుంది, చేదు తక్కువ.

ఇంకో సంగతి. ఎవరైనా చేదన్నప్పుడు, అది చేదా వగరా అని అడగండి. తెలుగులో రెండింటికీ వేర్వేరు మాటలుండటం ఇక్కడ ఎంతో కలిసొస్తుంది. చేదు హాప్స్‌దీ, మాడ్చిన మాల్ట్‌దీ. అది ఆ శైలిలో భాగం కావచ్చు. నోరంతా పట్టేసినట్టు ఎండగట్టే వగరు గింజల పొట్టులోని టానిన్లనే వగరు పదార్థాల నుంచి రావచ్చు. కొత్తగా క్యాన్‌లోకెక్కిన హేజీ ఐపీఏలో గొంతు గీరినట్టుంటే హాప్స్ రేణువులు ఇంకా తేలుతున్నట్టు. కొన్ని రోజులు ఫ్రిజ్‌లో నిలబెడితే అడుగుకి దిగి రుచి మెత్తబడుతుంది.

పుల్లగా ఉంది, పాడైందా?

ముందు లేబుల్ చదవండి. బెర్లినర్ వైసె, గోజె, లాంబిక్ అనే బీర్లు పుల్లగా ఉండటానికే పుట్టాయి. గోజెలో ఉప్పు, ధనియాలు కూడా ఉంటాయి. లాంబిక్‌లో గుర్రపుశాల గుర్తొచ్చే వాసనకు ముఖ్యకారణం బ్రెటనోమైసిస్ అనే ఈస్ట్. డెన్మార్క్‌లోని కార్ల్స్‌బర్గ్ బీరు సంస్థ ప్రయోగశాలలో క్లాసెన్ అనే శాస్త్రవేత్త 1904లో దానికి ఆ పేరు పెట్టాడు. పులుపు ఉండకూడని లాగర్‌లో వస్తే మాత్రం నిజంగానే పాడైంది. వెన్న రుచి, ఉడికిన మొక్కజొన్న వాసన, పచ్చి యాపిల్ రుచి కొట్టొచ్చినట్టుంటే చాలా శైలుల్లో అవి తయారీ లోపాలే. వాటికి ఇంట్లో మందు లేదు. పక్కన పెట్టి తర్వాతది తెరవండి.

అందరూ ఒకటే మాట చెబుతున్నారు

మొదట మాట్లాడినవాళ్లు "కాఫీ" అనగానే మిగతావాళ్ల ముక్కులకు కాఫీయే తగులుతుంది. రెండు నిమిషాలు మౌనంగా వాసన చూసి, గుక్క మింగి, తోచింది కాగితం మీద రాసుకోమనండి. చదివేటప్పుడు వయసులో చిన్నవాళ్లతో, కొత్తవాళ్లతో మొదలుపెట్టండి. మీరు చివర్లో చెప్పండి. గ్లాసును మూడోవంతుకు మించి నింపకండి, వాసన నిలవడానికి చోటుండాలి.

మధ్యలోనే మత్తెక్కింది

పంచుకోవడమంటే తలొక సీసా ఇవ్వడం కాదు. 330 మిల్లీలీటర్ల సీసా నలుగురికి సరిపోతుంది. లెక్క చూడండి: సగటున 7 శాతం ఉన్న ఆరు బీర్లు 75 మిల్లీలీటర్ల చొప్పున రుచి చూస్తే, 5 శాతం బీరు రెండు చిన్న సీసాలు తాగినంత ఆల్కహాల్ లోపలికి వెళ్తుంది. ఆ తర్వాత బండి నడపకూడదు. ఎలా ఇంటికి వెళ్తారో మొదటి మూత తీయకముందే తేల్చుకోండి. గర్భిణులకు, మందులు వాడుతున్నవాళ్లకు, వద్దన్నవాళ్లకు మరో మాట లేకుండా ఇంకో పానీయం ఇవ్వండి.

సగం సీసా మిగిలిపోయింది

గట్టి స్టాపర్ బిగించి వెంటనే ఫ్రిజ్‌లో నిలబెట్టండి. ఘాటైన స్టౌట్ మర్నాడు కూడా బాగుంటుంది. ఐపీఏ ఆ రాత్రి దాటితే దాని పరిమళం సగం పోయినట్టే, కాబట్టి ఇద్దరు ముగ్గురే మిగిలినప్పుడు దాని మూత తీయకండి.